ముప్పై వేల రూపాయల వైర్‌లెస్ గేమింగ్ హెడ్‌సెట్: మన ఊళ్లలో ఉండేవారు కొనదగినదేనా?

శేషాద్రి_శిఖరం (తిరుపతి, బాలాజీ కాలనీ)

సభ్యులందరికీ నమస్కారం. నేను బెంగళూరులోని ఒక కంపెనీకి తిరుపతి నుంచి, ఇంట్లోనే కూర్చుని పని చేస్తున్నాను. పగలంతా మీటింగులు ఉంటాయి, రాత్రి భోజనాలయ్యాక కంప్యూటర్‌లో వాలరెంట్ ఆడతాను, వారాంతాల్లో తమ్ముడితో కలిసి పీఎస్5 (ప్లేస్టేషన్ 5) మీద కూర్చుంటాను. ఇప్పటిదాకా వాడిన నాలుగు వేల రూపాయల వైరు హెడ్‌సెట్‌కు పిన్ను దగ్గర వైరు లోపల తెగి, ఒక చెవిలో శబ్దం వస్తూ పోతూ ఉంది. ఈసారి మంచిదే కొనుక్కోవాలని స్టీల్‌సిరీస్ ఆర్క్టిస్ నోవా ప్రో వైర్‌లెస్, ఆడీజ్ మ్యాక్స్‌వెల్ అనే రెండింటిని చూశాను. రెండూ మన చేతికి వచ్చేసరికి ముప్పై వేలకు అటూ ఇటూ పడుతున్నాయి.

డబ్బు పెట్టలేక అడగడం లేదు. అంత ధరలో ధ్వనికి ఎంత, సౌకర్యానికి ఎంత, పేరుకు ఎంత పోతున్నదో తెలుసుకుని కొనాలన్నది నా కోరిక. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండలకు ఇవి తట్టుకుంటాయా, పాడైతే ఇక్కడ బాగుచేసేవారు ఉన్నారా అన్నది కూడా అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

ధ్వనిశోధన (చిత్తూరు)

శేషాద్రి గారూ, మీరు అడిగిన పద్ధతి సరైనది. ధరను విడగొట్టి చూడకుండా ఇలాంటి వస్తువుల మీద తీర్పు చెప్పడం కుదరదు.

ముందుగా ధ్వని సంగతి. చెవికి వినిపించే నాణ్యత ఒక్కటే కావాలంటే ఇంతకంటే చాలా తక్కువ ధరకే దొరుకుతుంది. సెన్‌హైజర్ హెచ్‌డి 560ఎస్, ఆడియో టెక్నికా ఎం50ఎక్స్ వంటి వైరు హెడ్‌ఫోన్లు సంగీతం కోసం చేసినవే అయినా, ఆటలో అడుగుల చప్పుడు ఎటు నుంచి వస్తున్నదో చెప్పడంలో చాలా గేమింగ్ హెడ్‌సెట్ల కంటే స్పష్టంగా ఉంటాయి. కాబట్టి ముప్పై వేలు పెట్టినంత మాత్రాన ధ్వని ఎన్నో రెట్లు మెరుగవుతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఇందులో మ్యాక్స్‌వెల్‌కు కొంత మినహాయింపు ఇవ్వాలి. అందులో 90 మిల్లీమీటర్ల ప్లానార్ మాగ్నెటిక్ డ్రైవర్లు (ధ్వనిని పుట్టించే భాగాలు) ఉన్నాయి. మామూలు హెడ్‌ఫోన్‌లో తీగచుట్ట ఒక పొరను మధ్యలో పట్టుకుని కదిలిస్తే, ఇందులో వాహకం పొర అంతటా పరుచుకుని ఉండి, పొర మొత్తం ఒకేసారి కదులుతుంది. అందువల్ల లోతైన స్వరాలు కూడా ముద్దకట్టకుండా విడివిడిగా వినిపిస్తాయి. ఆ తేడా చెవికి తెలుస్తుంది, కానీ దాని వెనుకే బరువు కూడా వస్తుంది. ఆ హెడ్‌సెట్ 490 గ్రాములు, నోవా ప్రో 338 గ్రాములు, నేను పైన చెప్పిన 560ఎస్ అయితే 240 గ్రాములే.

ఇక అసలు డబ్బు పోయేది వైరు లేకుండా ఆలస్యం లేకుండా ధ్వనిని అందించడానికి. ఇక్కడే చాలామంది బ్లూటూత్‌ను, 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్‌ను (హెడ్‌సెట్‌తో పాటు వచ్చే, యూఎస్‌బీలో గుచ్చే చిన్న రేడియో ముక్క) ఒకటే అనుకుంటారు. మామూలు బ్లూటూత్‌లో శబ్దం చెవికి చేరేసరికి సుమారు 150 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. డాంగిల్‌తో వచ్చే మంచి హెడ్‌సెట్లలో ఇది 20, 30 మిల్లీసెకన్ల దగ్గర ఉంటుంది. గాలిలో ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది కదా, ఆ లెక్కన 20 మిల్లీసెకన్లంటే ఏడు మీటర్ల దూరంలో ఎవరో చప్పట్లు కొడితే మనకు వినిపించడానికి పట్టే సమయం. 200 మిల్లీసెకన్లంటే దాదాపు 70 మీటర్ల దూరం. వాలరెంట్‌లో శత్రువు మలుపు తిరిగి వచ్చేస్తాడు, వాడి అడుగు మీకు ఆ తర్వాత వినిపిస్తుంది.

బ్లూటూత్‌తో మరో పెద్ద ఇబ్బంది మైకుతో వస్తుంది. పాత పద్ధతి బ్లూటూత్‌లో మైకు తెరవగానే కనెక్షన్ మొత్తం ఫోన్ కాల్ పద్ధతికి మారిపోయి, రెండు చెవులకు వేర్వేరుగా రావలసిన ధ్వని ఒకటైపోతుంది, నాణ్యత సెకనుకు 8 వేల లేదా 16 వేల నమూనాలకు పడిపోతుంది. స్నేహితులతో మాట్లాడుతూ ఆడేవారికి ఇది పనికిరాదు. డాంగిల్ ఉన్న హెడ్‌సెట్‌లో ఈ గొడవ ఉండదు. కాబట్టి కంప్యూటర్ ముందు ఆడే వ్యక్తి వైరు వద్దనుకుంటే డాంగిల్ తప్పనిసరి. అయితే డాంగిల్ కోసం ముప్పై వేలు అక్కర్లేదు, అందులో సగం ధరలో కూడా మంచివి ఉన్నాయి. హైపర్‌ఎక్స్ క్లౌడ్ ఆల్ఫా వైర్‌లెస్‌కు ఒక ఛార్జింగ్‌తో 300 గంటలు వస్తుందని కంపెనీ చెబుతుంది. రేజర్ బ్లాక్‌షార్క్ వీ2 ప్రో 2023 నాటి రకానికి 70 గంటలు.

మరి ఆ పై సగం దేనికి? నాయిస్ క్యాన్సలేషన్ (బయటి హోరును అణచివేసే ఏర్పాటు), ఒకేసారి డాంగిల్‌తోనూ ఫోన్‌తోనూ కలిసి ఉండడం, రెండు యంత్రాల మధ్య మార్చుకోవడం, మార్చుకోగలిగిన బ్యాటరీ. ఇవి మీ రోజువారీ జీవితంలో ఉపయోగపడితేనే ఆ డబ్బుకు న్యాయం జరుగుతుంది.

గ్రీంస్‌పేట_వాసి (చిత్తూరు)

నేను నోవా ప్రో వైర్‌లెస్ వాడుతున్నాను. ధ్వనిశోధన గారు చివర్లో చెప్పిన నాలుగు విషయాలనూ నేను రోజూ వాడతాను కాబట్టి నా మాట ఒక పక్షానికి మొగ్గినట్టు ఉండవచ్చు, అయినా చెబుతాను.

దీనితో రెండు బ్యాటరీలు వస్తాయి. ఒకటి చెవి దగ్గర ఉంటే రెండోది టేబుల్ మీది బేస్ స్టేషన్‌లో (డాంగిల్ చేసే పని చేసే చిన్న పెట్టెలో) ఛార్జ్ అవుతుంది. ఒక్కొక్కటి దాదాపు 22 గంటలు వస్తుంది. అయిపోగానే మూత తీసి మార్చుకుంటే చాలు, ఆట ఆగదు. మా ఇంట్లో వేసవిలో కరెంటు పోతే ఇన్వర్టర్ మీద కంప్యూటరు, రౌటరు మాత్రమే నడిపిస్తాము, ఆ సమయంలో హెడ్‌సెట్ ఛార్జింగ్ గురించి ఆలోచించవలసిన అవసరం ఇంతవరకు రాలేదు.

శేషాద్రి గారికి ముఖ్యంగా చెప్పవలసినది బేస్ స్టేషన్ వెనుక ఉన్న రెండు యూఎస్‌బీ దారుల గురించి. ఒకదానికి కంప్యూటరు, మరొకదానికి పీఎస్5 తగిలించి, డాంగిల్ పీకి పెట్టే పని లేకుండా ఒకదాని నుంచి మరొకదానికి మారవచ్చు. ఆడుతున్నప్పుడు ఫోన్ వస్తే బ్లూటూత్ ద్వారా అదే హెడ్‌సెట్‌లో మాట్లాడవచ్చు, ఆట శబ్దం వెనుక వినిపిస్తూనే ఉంటుంది. పగలు మీటింగులు, రాత్రి ఆట, వారాంతంలో పీఎస్5 అన్నారు కాబట్టి ఈ వస్తువు మీలాంటివారి కోసమే చేసినట్టుంది.

లోటు కూడా చెప్పాలి. మైకు ధర స్థాయికి తగ్గది కాదు. మాట స్పష్టంగానే వెళుతుంది కానీ కొంచెం పలుచగా, దగ్గు మందు ప్రకటనల్లో గొంతు పట్టేసినవాడి మాటలా ఉంటుంది. మీటింగుల్లో ఎవరూ ఫిర్యాదు చేయలేదు, అయితే యూట్యూబ్ కోసం రికార్డు చేయాలంటే మాత్రం వేరే మైకు కొనుక్కోవాలి.

తిలక్‌రోడ్_టంకం (తిరుపతి)

నేను హెడ్‌ఫోన్లు, స్పీకర్లు బాగుచేసే పనిలో ఉన్నాను. కొనేముందు వచ్చి అడిగేవారు తక్కువ, పాడైన తర్వాత తెచ్చేవారు ఎక్కువ. అందువల్ల నా అభిప్రాయం కొంచెం కఠినంగా ఉంటుంది.

నా టేబుల్ మీదకు వచ్చే వైరు హెడ్‌సెట్లలో ఎక్కువ భాగం శేషాద్రి గారు చెప్పిన జబ్బుతోనే వస్తాయి. పిన్ను దగ్గర వైరు తెగి ఉంటుంది. దాన్ని కోసి కొత్త పిన్ను అతికించడానికి గంట కూడా పట్టదు, ఖర్చు కూడా కొద్దిగానే అవుతుంది. ముప్పై వేలకు వెళ్లేముందు దాన్ని బాగుచేయించుకుని ఇంట్లో ఉంచుకోమని నా మొదటి సలహా.

వైర్‌లెస్ వాటిలో ఎక్కువగా వచ్చేవి మూడు. తలపట్టీ మడత దగ్గర ప్లాస్టిక్ పగలడం, ఇయర్ ప్యాడ్‌ల తోలు పొలుసులుగా రాలిపోవడం, బ్యాటరీ ఉబ్బడం. మన ఊళ్లో ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది, చెవుల చుట్టూ చెమట పడుతుంది, ఆ కృత్రిమ తోలు కొన్నాళ్లకే పెచ్చులూడుతుంది. ఇది ఏ కంపెనీదైనా తప్పదు. ప్యాడ్‌లు విడిగా దొరికే మోడలే కొనండి, వీలైతే గుడ్డతో చేసిన ప్యాడ్‌లు వేసుకోండి. గుడ్డ ప్యాడ్ వేస్తే లోతైన ధ్వని కొంత తగ్గుతుందన్నది నిజమే, అయినా మే నెలలో రాత్రి పది గంటలకు తోలు ప్యాడ్ కంటే అదే నయం.

బోర్డు పాడైతే మాత్రం నా చేతిలో ఏమీ లేదు. డాంగిల్ పోయినా, విరిగినా హెడ్‌సెట్ దాదాపు పనికిరానట్టే, ఎందుకంటే ఆ రెండింటినీ ఒకదానితో ఒకటి జతచేసి అమ్ముతారు, విడి డాంగిల్ అన్ని కంపెనీలూ ఇవ్వవు. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రవాడు కొన్న ఏడాదిన్నరకు ఇదే సమస్యతో వచ్చాడు. కంపెనీవారు వారంటీ అయిపోయిందని చెప్పి పంపించేశారు. అంత డబ్బు పెట్టి కొన్న వస్తువు పది గ్రాముల ముక్క లేక మూలపడింది. అందుకే నేను ఎవరికీ ఇంత ఖరీదైన వైర్‌లెస్ వస్తువును సులభంగా సిఫారసు చేయను.

ధ్వనిశోధన (చిత్తూరు)

టంకం గారు చెప్పిన డాంగిల్ విషయం అందరూ రాసుకోదగినది. బ్యాటరీ విషయంలో ఒక వివరం చేరుస్తాను, ఎందుకంటే దీని మీద భయం కొంత ఎక్కువగానే ఉంది.

లిథియం అయాన్ బ్యాటరీ 300 నుంచి 500 పూర్తి ఛార్జింగులకు దాని సామర్థ్యంలో అయిదో వంతు కోల్పోతుందన్నది స్థూలమైన లెక్క. 22 గంటల బ్యాటరీని రోజుకు నాలుగు గంటలు వాడితే ఏడాదికి 66 ఛార్జింగులే అవుతాయి, అంటే నాలుగేళ్లు దాటినా అది పనికిరాకుండా పోదు. మ్యాక్స్‌వెల్‌లా 80 గంటలు, క్లౌడ్ ఆల్ఫాలా 300 గంటలు వచ్చేవాటిలో ఛార్జింగుల సంఖ్య అసలు లెక్కకే రాదు. మన ప్రాంతంలో బ్యాటరీని చంపేది వేడి. నూటికి నూరు ఛార్జ్ చేసి, ఎండ పడే కిటికీ పక్కనో, ఆపిన కారులోనో వదిలేస్తే వాడకపోయినా ముసలిదవుతుంది. వారాల పాటు వాడరు అనుకుంటే సగం ఛార్జింగ్‌తో చల్లని బీరువాలో పెట్టండి. మ్యాక్స్‌వెల్ బ్యాటరీ లోపల బిగించి ఉంటుంది, నోవా ప్రోది విప్పకుండా మార్చుకోవచ్చు. నాలుగేళ్లు దాటి వాడాలనుకునేవారికి ఇది ధ్వని కంటే పెద్ద తేడా అని నా అభిప్రాయం.

ఏర్పేడు_హాస్టల్

పెద్దలకు నమస్కారం. నేను విద్యార్థిని. మాలాంటివారు ఈ చర్చ చదివి ముప్పై వేలు పోగుచేయడం మొదలుపెట్టకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. మా హాస్టల్‌లో ఎక్కువమంది ఫోన్‌లో బీజీఎంఐ ఆడతారు. ఫోన్‌కు యూఎస్‌బీ సీ పిన్నుతో వచ్చే వైరు ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే బ్లూటూత్‌లోని ఆలస్యం ఉండదు, దాని ధర వెయ్యి రూపాయల లోపు. కంప్యూటర్ ఉన్నవారికి వైరు హెడ్‌ఫోన్‌కు అతికించుకునే విడి మైకు దొరుకుతుంది, దాని మాట నాణ్యత చాలా వైర్‌లెస్ హెడ్‌సెట్ల కంటే బాగుంటుంది. కూర్చున్న చోటు నుంచి లేవకుండా ఆడే విద్యార్థికి వైరు వల్ల కలిగే కష్టం ఏముంది?

శ్రవణం (తిరుపతి)

వినికిడి పరీక్షలు చేసే వృత్తిలో ఉన్నాను కాబట్టి ఇంతవరకు ఎవరూ మాట్లాడని అంశం చెబుతాను.

పెద్దలు వారానికి 40 గంటల పాటు 80 డెసిబెల్స్ దాటకుండా వినడం సురక్షితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది, పిల్లలకు అదే సమయానికి 75 డెసిబెల్స్. ప్రతి 3 డెసిబెల్స్ పెరిగినప్పుడు సురక్షిత సమయం సగమవుతుంది. 83 అయితే 20 గంటలు, 86 అయితే 10 గంటలు, 89 అయితే 5 గంటలే. శేషాద్రి గారిలాగా పగలు మీటింగులకూ, రాత్రి ఆటకూ హెడ్‌సెట్ పెట్టుకునేవారు వారానికి 40 గంటలు సునాయాసంగా దాటేస్తారు.

మనం శబ్దం ఎందుకు పెంచుతాము? చుట్టూ ఉన్న చప్పుడును మించి వినాలని. మన ఇళ్లలో సీలింగ్ ఫ్యాను, ఏసీ, కూలరు, కిటికీ అవతల రోడ్డు, ఇవన్నీ ఆగకుండా మోగే మంద్రస్థాయి ధ్వనులు. నాయిస్ క్యాన్సలేషన్ బాగా తొలగించేది సరిగ్గా వీటినే. సుమారు ఒక కిలోహెర్ట్జ్ కంటే దిగువన ఉన్న నిలకడైన శబ్దాన్ని అది చాలావరకు అణచివేస్తుంది, మనుషుల మాటలను, హారన్లను అంతగా ఆపలేదు. ఫ్యాను హోరు వినిపించకపోతే మీరు శబ్దం పెంచవలసిన అవసరం తగ్గుతుంది. నా దృష్టిలో నోవా ప్రో వంటి ఖరీదైన హెడ్‌సెట్‌కు ఇవ్వదగిన అత్యంత బలమైన కారణం ఇదే. దీన్ని సౌకర్యం కింద లెక్కవేయడం నాకు సరిగా తోచడం లేదు. ధ్వనిశోధన గారు మెచ్చుకున్న 560ఎస్ వెనుక భాగం తెరిచి ఉండే రకం, అందులో ఫ్యాను శబ్దం నేరుగా చెవిలోకి వస్తుంది. ప్రశాంతమైన గదిలో అది అద్భుతమే కానీ, మే నెలలో ఫ్యాను అయిదో నంబరు మీద తిరిగే గదిలో ఆడేవారు దాన్ని ఎంత పెంచి వింటారో ఆలోచించండి.

విద్యార్థి గారికి ఒక మాట. మీ వాదన సరైనదే. అయితే చెవి రంధ్రంలోకి దూర్చే ఇయర్‌ఫోన్ అయినా సరే శబ్దం తగ్గించి, గంటకొకసారి తీసి చెవులకు విశ్రాంతి ఇవ్వమని మీ స్నేహితులకు చెప్పండి. ఆట ముగిశాక చెవిలో గుయ్‌మని వినిపిస్తే ఆ రోజు హద్దు దాటినట్టే.

శేషాద్రి_శిఖరం (తిరుపతి, బాలాజీ కాలనీ)

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. నాకు మిగిలినవి రెండు సందేహాలు. పెట్టె మీద 7.1 సరౌండ్, డాల్బీ అట్మాస్ అని, అంటే శబ్దం అన్ని దిక్కుల నుంచీ వస్తున్నట్టు వినిపిస్తుందని రాసి ఉంటుంది, దానికి విలువ కట్టవచ్చునా? రెండోది, మా అపార్ట్‌మెంట్‌లో ఇరవైకి పైగా వైఫైలు కనిపిస్తాయి. ఈ డాంగిల్ కూడా అదే 2.4 గిగాహెర్ట్జ్‌లో పనిచేస్తుంది కదా, మధ్యలో తెగిపోదా?

ధ్వనిశోధన (చిత్తూరు)

సరౌండ్‌కు ఒక్క రూపాయి కూడా అదనంగా ఇవ్వవద్దు. మన తల ఆకారం, చెవి దొప్ప ఆకారం వల్ల ధ్వని ఒక్కో దిక్కు నుంచి ఒక్కో విధంగా మారి లోపలికి చేరుతుంది, ఆ మార్పును గణితంతో అనుకరించడమే ఈ విద్య అంతా. దాన్ని రెండు స్పీకర్లున్న ఏ హెడ్‌ఫోన్‌లోనైనా చేయవచ్చు. వాలరెంట్ సెట్టింగ్స్‌లో ఈ లెక్క చేసే హెచ్‌ఆర్‌టీఎఫ్ అనే ఎంపిక ఉంది, పీఎస్5లో టెంపెస్ట్ 3డీ ఆడియో ఉంది, విండోస్‌లో విండోస్ సోనిక్ ఉచితం. జాగ్రత్త పడవలసినది ఒక్కటే. ఆటలో హెచ్‌ఆర్‌టీఎఫ్ పెట్టి, హెడ్‌సెట్‌లోనూ సరౌండ్ పెడితే ఒకే ధ్వనికి రెండుసార్లు ఆ లెక్క జరిగి దిక్కు తెలియకుండా పోతుంది. ఆటలో ఉంటే ఆటలోదే ఉంచి, మిగిలినవన్నీ ఆపేయండి.

వైఫై సంగతిలో మీ అనుమానం నిజమైనదే. 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న ఆ ఇరుకు పట్టీలోనే వైఫై, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ ఉంటాయి. మంచి హెడ్‌సెట్లు ఇబ్బంది ఉన్న చోటును వదిలి పట్టీలో మరో చోటుకు గెంతుతూ ఉంటాయి కాబట్టి సాధారణంగా తెగవు. మీ సొంత కంప్యూటరు, పీఎస్5, ఫోన్లను రౌటర్‌లోని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి, కొంత రద్దీ మీ గదిలోనే తగ్గుతుంది. మరో ముఖ్యమైన సంగతి, యూఎస్‌బీ 3.0 పోర్టులు, వాటి తీగలు పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో శబ్దం వెదజల్లుతాయని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. డాంగిల్‌ను కంప్యూటర్ వెనుక, హార్డ్ డిస్క్ పక్కన గుచ్చితే టకటక శబ్దాలు వచ్చేది అందుకే. చిన్న ఎక్స్‌టెన్షన్ తీగతో టేబుల్ మీదకు తెచ్చుకుంటే సరిపోతుంది. నోవా ప్రోలో బేస్ స్టేషన్ ఎలాగూ టేబుల్ మీదే ఉంటుంది.

సప్తగిరి_ప్రయాణికుడు (రేణిగుంట)

ఎక్కడ కొనాలన్నది కూడా ధరలో భాగమే. మన ఊరివారు చాలామంది సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై వెళ్లి రిచీ స్ట్రీట్‌లో కొంటారు. వెళ్లండి, చేత్తో పట్టుకుని, తలకు పెట్టుకుని చూడగలగడం పెద్ద లాభం. కానీ కొనేముందు పెట్టె మీద మన దేశపు దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ చిల్లర ధర అచ్చువేసి ఉన్న చీటీ ఉన్నదో లేదో చూసుకోండి. చట్టప్రకారం అది ఉండి తీరాలి. లేకపోతే అది వేరే దేశం కోసం తయారై దొడ్డిదారిన వచ్చిన సరుకు. నాలుగైదు వేలు తక్కువకు వస్తుంది కానీ ఇక్కడి వారంటీ వర్తించదు. జీఎస్‌టీ నంబరుతో కూడిన బిల్లు, దాని మీద హెడ్‌సెట్ సీరియల్ నంబరు రాయించుకోవడం మరచిపోవద్దు.

వారంటీ ఉండీ పట్టించుకోకపోతే వదిలేయకండి. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు, దుకాణం చెన్నైలో ఉన్నా అక్కడికి తిరగనవసరం లేదు. వస్తువు విలువ అయిదు లక్షల లోపు కాబట్టి రుసుము కూడా ఉండదు.

శేషాద్రి_శిఖరం (తిరుపతి, బాలాజీ కాలనీ)

అందరి మాటలూ విన్న తర్వాత ఒక నిర్ణయానికి వచ్చాను. ధ్వని కోసం మాత్రమే అయితే నేను ఈ ధర పెట్టను. నా విషయంలో ఒకే వస్తువు మీటింగులకు, కంప్యూటర్ ఆటకు, పీఎస్5కు పనికివస్తుంది. ఫ్యాను హోరును తగ్గించి చెవులకు మేలు చేస్తుంది. బ్యాటరీని నేనే మార్చుకోగలను. ఈ మూడు కారణాల వల్ల నోవా ప్రో వైపే మొగ్గుతున్నాను. మ్యాక్స్‌వెల్ ధ్వని మెరుగని ఒప్పుకుంటాను, అయితే రోజంతా తలమీద అర కిలో మోయడం నా మెడకు సరిపడదు. గ్రీంస్‌పేట గారు అనుమతిస్తే ఒక సాయంత్రం చిత్తూరు వచ్చి, రెండు గంటలు ఆపకుండా పెట్టుకుని చూసి, ఆ తర్వాతే డబ్బు కడతాను. పాత హెడ్‌సెట్‌ను టంకం గారి దగ్గరికి ఈ వారమే తెస్తాను.

గ్రీంస్‌పేట_వాసి (చిత్తూరు)

తప్పకుండా రండి. ఆదివారం మధ్యాహ్నమైతే ఇంకా మంచిది, అప్పుడు ఎండ ఎక్కువగా ఉంటుంది కాబట్టి చెవుల దగ్గర చెమట ఎంత పడుతుందో మీకే తెలుస్తుంది. మీరు కళ్లద్దాలు వాడితే అవి కూడా పెట్టుకుని రండి, కాడల మీద ప్యాడ్ నొక్కుకుంటుందా లేదా అన్నది దుకాణంలో రెండు నిమిషాలు చూస్తే తెలియదు.

తిలక్‌రోడ్_టంకం (తిరుపతి)

తీసుకురండి, చూస్తాను. నోవా ప్రో కొనాలనుకున్నారు కాబట్టి ఒక జత ఇయర్ ప్యాడ్‌లు, ఒక అదనపు బ్యాటరీ ఇప్పుడు విడిగా దొరుకుతున్నాయో లేదో, ఎంతకు దొరుకుతున్నాయో కనుక్కుని ఆ ధరను కూడా కలిపి లెక్కవేసుకోండి. నేనింకా వైరు పక్షానే ఉన్నాను, కానీ ఆ లెక్క కలిపిన తర్వాత కూడా మీకు సమ్మతమైతే కొనడానికి నాకు అభ్యంతరం లేదు.